హై-ఫై: డబ్బా మీది మాట, చెవిలోని మాట

పోయిన నెల భాషాశాస్త్రం క్లాసులో అర్థవిపరిణామం పాఠం అయింది. 'చీర' అంటే ఒకప్పుడు ఏ బట్టైనా చీరే, ఇప్పుడు ఆడవాళ్ళు కట్టుకునేది మాత్రమే. 'నూనె' అంటే మొదట నువ్వులది, ఇప్పుడు అన్నీ నూనెలే. 'కంపు' ఒకప్పుడు మంచి వాసన, ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. పాఠం అయ్యాక మేడమ్ అందరికీ ఒక పని చెప్పారు. పుస్తకంలో లేని మాట, మన నోళ్ళలో అర్థం మారిన మాట తలా ఒకటి తీసుకురమ్మన్నారు.

నేను 'హైఫై' తీసుకెళ్ళాను. క్లాసంతా నవ్వారు. అర్థం చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. "గొప్పింటోళ్ళు", "ఇంగ్లీషులో తప్ప మాట్లాడనోళ్ళు", "ఏసీ కల్యాణ మండపం". శబ్దం గురించి ఒక్కరూ చెప్పలేదు. నా ఇయర్‌ఫోన్ డబ్బా మీద 'హై-ఫై సౌండ్' అని రాసుంది అన్నా. "అయితే నీ ఇయర్‌ఫోన్ కూడా గొప్పింటిదే" అంది వెనక బెంచీ నుంచి ఒక స్నేహితురాలు. ఆ ఇయర్‌ఫోన్ ఖరీదు 349 రూపాయలు.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. కానీ మాండలిక సేకరణ ప్రాజెక్టు కోసం అవ్వ మాటలు రికార్డు చేశాక ఆ మాట నాకు నవ్వులాట కాకుండా పోయింది. ఎందుకో చివర చెప్తాను. ముందు పాఠం చూద్దాం.

మాట పుట్టిన చోటు

'ఫిడిలిటీ' అంటే విశ్వాసం. 'హై ఫిడిలిటీ' అంటే గట్టి విశ్వాసం. హెచ్.ఎ. హార్ట్‌లీ అనే ఇంగ్లండు ఆడియో ఇంజనీరు 1927లో ఈ మాటను తానే పుట్టించానని చెప్పుకున్నాడు. కుదించి పలకగా పలకగా 'హై-ఫై' అయింది. ఇందులో ఖరీదు లేదు, గొప్ప లేదు, గట్టిగా మోగడం కూడా లేదు. ఒక అసలు శబ్దం ఉంటుంది, దాని నకలు ఒకటి ఉంటుంది. ఆ నకలు అసలుకు ఎంత విశ్వాసంగా ఉంది అన్నదే ప్రశ్న.

విశ్వాసం అనగానే మనకు కుక్క గుర్తొస్తుంది. గ్రామఫోన్ కంపెనీ వాళ్ళకూ అదే గుర్తొచ్చింది. పాత రికార్డుల మీద బూర ముందు తల వంచి కూర్చున్న కుక్క బొమ్మ చాలామంది చూసే ఉంటారు. దాని పేరు నిప్పర్. యజమాని గొంతు రికార్డులోంచి వస్తుంటే కుక్క గుర్తుపడుతోందని ఆ బొమ్మ భావం. గీసినవాడు ఫ్రాన్సిస్ బరోడ్ అనే చిత్రకారుడు. మొదట అతను గీసింది స్తూపం లాంటి సిలిండర్ తిరిగే ఫోనోగ్రాఫ్ ముందు కూర్చున్న కుక్కను. 1899లో గ్రామఫోన్ కంపెనీ బొమ్మ కొంటామంది, కానీ యంత్రం తమదై ఉండాలంది. అతను పాత యంత్రం మీద రంగు వేసి గ్రామఫోన్ గీసిచ్చాడు. నిప్పర్ అప్పటికే చనిపోయి నాలుగేళ్ళు. విశ్వాసానికి గుర్తుగా లోకమంతా చూసిన బొమ్మే అసలును మార్చి గీసిన బొమ్మ!

ఇంకో కథ ఉంది. 1915 నుంచి అమెరికాలో ఎడిసన్ కంపెనీ 'టోన్ టెస్ట్' అనే ప్రదర్శనలు పెట్టేది. వేదిక మీద గాయని పాడుతుంది, పక్కన ఆమె రికార్డు మోగుతుంది. దీపాలు ఆర్పేస్తారు. ఏది మనిషి, ఏది యంత్రం చెప్పండి అంటారు. జనం తేల్చుకోలేకపోయారని కంపెనీ ప్రకటనలు వేసుకుంది. వాళ్ళలో ఒకరు అన్నా కేస్ అనే గాయని. చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఒక సంగతి ఒప్పుకుంది: వేదిక మీద తన గొంతునే యంత్రానికి సరిపోయేలా తగ్గించి పాడేదట. అంటే నకలు అసలులా ఉండటం కాదు, అసలే నకలులా మారింది. ఈ కథను మనసులో పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

కొలిచేవి ఏమిటి?

విశ్వాసాన్ని కొలవడం ఎట్లా? ముఖ్యంగా మూడు కొలతలు చూస్తారు.

మొదటిది విస్తృతి. శబ్దం అంటే కంపనం. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్. ఆరోగ్యమైన కుర్ర చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగే కొద్దీ పై అంచు తగ్గిపోతుంది. 1925కి ముందు రికార్డింగులో మైకు లేదు. బూర ముందు నిలబడి గట్టిగా పాడితే ఆ గాలి తాకిడికే సూది కదిలి గీత పడేది. ఆ రికార్డుల్లో సుమారు 2,000 హెర్ట్జ్ దాటినవి దాదాపు మిగలలేదు. మైకు వచ్చాక అది 5,000 దాటింది. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటుంది. అందులో సగం, అంటే దాదాపు 22,000 హెర్ట్జ్ దాకా పట్టుకోగలదు. మన చెవికి అది సరిపోతుంది.

రెండోది వక్రీకరణ. అసలులో లేనిదాన్ని యంత్రం తన సొంతంగా కలపడం. చిన్న స్పీకరును మించి మోగిస్తే బరబరమనే చప్పుడు వస్తుంది చూడండి, అదే. గోదావరి నీళ్ళని చెప్పి బోరు నీళ్ళు కలిపినట్టు.

మూడోది రొద. కావాల్సిన శబ్దానికీ వెనక ఉండే అక్కర్లేని చప్పుడుకూ మధ్య దూరం. దీనికి లోకంలోనే మంచి ఉదాహరణ మన కేజీఎఫ్‌లో ఉంది. 1965లో ఇక్కడి చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2,300 మీటర్ల లోతున శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ కనిపెట్టారు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, జపాన్ ఒసాకా వాళ్ళు, ఇంగ్లండు డర్హమ్ వాళ్ళు కలిసి చేసిన పని అది. అంత లోతుకు ఎందుకు దిగారు? నేల పైన ఎప్పుడూ విశ్వకిరణాల వాన కురుస్తూ ఉంటుంది. ఆ గోలలో న్యూట్రినో లాంటి మెత్తటి అతిథి అడుగు చప్పుడు తెలియదు. పైనున్న రాయి ఆ గోలను ఆపుతుంది. వాళ్ళు పరికరాన్ని 'గట్టిగా' మోగించలేదు, రొద లేని చోటుకు తీసుకుపోయారు. వినడం గురించి మన ఊరు నేర్పిన పాఠం ఇదే అనుకుంటా: సన్నటి మాట వినాలంటే ముందు రొద తగ్గించాలి.

హాల్‌మార్క్ లేని బంగారం

బంగారం ఊరి వాళ్ళం కాబట్టి బంగారంతోనే పోల్చుకుందాం. నగ మీద 916 అని ఉంటే అందులో నూటికి 91.6 పాళ్ళు బంగారం, అంటే 22 క్యారెట్లు. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. అబద్ధం రాస్తే శిక్ష ఉంది. 'హై-ఫై' అనే మాటకు ఇట్లాంటి ముద్ర ఉందా?

ఒకప్పుడు ప్రయత్నించారు. 1960లలో పశ్చిమ జర్మనీ వాళ్ళు డిన్ 45500 అనే ప్రమాణం తెచ్చారు. విస్తృతి ఇంత ఉండాలి, వక్రీకరణ ఇంతకు మించరాదు, అప్పుడే హై-ఫై అనాలి అన్నారు. ఆలోచన మంచిదే. కానీ కాలం గడిచే కొద్దీ మామూలు సామాన్లు కూడా ఆ గీత దాటేశాయి, ముద్ర విలువ తగ్గిపోయింది. ఇప్పుడు మన అంగట్లో ఆ మాట ఎవరైనా ఏ డబ్బా మీదైనా అచ్చు వేసుకోవచ్చు.

వాట్ల సంగతీ అంతే. ఇళ్ళల్లో పాత టేప్‌రికార్డరు ఉంటే దాని మీద '1000 వాట్స్ పీఎంపీఓ' లాంటిది చూడండి. గోడ ప్లగ్గు నుంచి ఇరవై వాట్లు తీసుకునే పెట్టె వెయ్యి వాట్ల శబ్దం ఆగకుండా ఇవ్వడం అయ్యే పని కాదు. పీఎంపీఓకు ఒప్పుకున్న కొలత పద్ధతి అంటూ లేదు, ఎవరి లెక్క వాళ్ళది. నిలకడగా ఇచ్చే పవర్‌ను ఆర్ఎంఎస్ అని రాస్తారు. అమెరికాలో ఇట్లాంటి ప్రకటనలు మితిమీరితే 1974లో అక్కడి ట్రేడ్ కమిషన్ యాంప్లిఫయర్ల పవర్‌ను ఎట్లా కొలిచి చెప్పాలో నియమం పెట్టింది.

ఇక 'గోల్డ్ ప్లేటెడ్ జాక్'. నా 349 రూపాయల ఇయర్‌ఫోన్ పిన్ను కూడా పసుపుగా మెరుస్తుంది. బంగారం పూస్తే శబ్దం తియ్యగా వస్తుందని షాపాయన చెప్పాడు. నిజం ఏమిటంటే కరెంటు ప్రసరణలో వెండి మొదటిది, రాగి రెండోది, బంగారం ఆ తర్వాతే. బంగారం పూసేది తుప్పు పట్టదని. తడి, చెమట తగిలినా కనెక్షన్ చెడదు. అది మంచి గుణమే, కానీ దాని వల్ల పాట మారదు. వందేళ్ళకు పైగా బంగారం తవ్విన ఊరిలో మనకు బంగారం పేరు చెప్పి అమ్ముతున్నారు అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పెద్ద నంబర్లు, అవే చెవులు

ఇప్పుడు ఎక్కువగా కనిపించే ముద్ర 'హై-రెస్ ఆడియో'. పసుపు, నలుపు రంగుల చిన్న చదరపు బిళ్ళ. ఇది జపాన్ ఆడియో సొసైటీ వాళ్ళది, దీనికి నిజంగా షరతులున్నాయి. వాటిలో ఒకటి 40,000 హెర్ట్జ్ దాకా పలకడం. మన చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. పై సగం ఎవరికి? నిప్పర్ బతికుంటే వినేదేమో!

వెటకారం పక్కన పెడితే, తేడా తెలుస్తుందా లేదా అని పరీక్షలు చేసినవాళ్ళున్నారు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో హై-రెస్ శబ్దాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి సీడీ స్థాయికి తగ్గించి వినిపించారు. ఏది ఏదో విన్నవాళ్ళకు చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా దాదాపు అంతే. 2016లో లండన్‌లో జాషువా రైస్ అనే ఆచార్యుడు ఇట్లాంటి 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కవేస్తే 52.3 శాతం వచ్చింది. వినడంలో తర్ఫీదు పొందినవాళ్ళు ఇంకొంచెం మెరుగు. అంటే తేడా బొత్తిగా లేదని కాదు, ఉంటే బహు సన్నం అని.

ఇంతకంటే నాకు నచ్చింది 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ చేసిన ప్రయోగం. అవే స్పీకర్లను ఒకసారి కనిపించేలా పెట్టి, ఒకసారి తెర కట్టి వినిపించి మార్కులు వేయమన్నారు. కనిపించినప్పుడు పెద్దవి, పేరున్నవి మార్కులు కొట్టేశాయి. తెర కట్టగానే మార్కులు మారిపోయాయి. మనం చెవితో వింటున్నాం అనుకుంటాం, సగం కంటితో వింటాం. పెళ్ళిచూపుల్లో పిల్ల పాట కంటే పట్టుచీర ఎక్కువ వినిపించినట్టు.

మరి తగ్గించడం వల్ల నష్టం లేదా? ఉంది, ఎంత తగ్గించారన్న దాన్ని బట్టి. సీడీలో సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు ఉంటాయి. 128 కిలోబిట్ల ఎంపీ3లో అందులో పదకొండో వంతే. మిగతాది ఏమైంది? గట్టి శబ్దం పక్కన ఉన్న మెత్తటి శబ్దం మన చెవికి ఎట్లాగూ వినిపించదు కాబట్టి తీసెయ్యి అన్నది ఎంపీ3 సూత్రం. దీన్ని జర్మనీలో తయారు చేస్తున్నప్పుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ అనే ఇంజనీరుకు ఒక పాట కొరకరాని కొయ్య అయింది. సుజాన్ వేగా అనే గాయని వాయిద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడిన 'టామ్స్ డైనర్'. వాద్యగోష్ఠి ఉంటే లోపాలు దాని చాటున దాక్కుంటాయి. ఒంటరి ఆడగొంతులో దాక్కోవడానికి చోటు లేదు. ఆ గొంతు సరిగ్గా వచ్చేదాకా పద్ధతిని దిద్దుతూ పోయారు. కోట్ల రూపాయల సాంకేతికానికి చివరికి గీటురాయి ఒక అమ్మాయి గొంతు.

బ్లూటూత్‌లోనూ ఇదే తగ్గింపు. తీగ లేకుండా పోవాలంటే శబ్దం కుదించుకోవాలి. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. ఎస్‌బీసీ అన్నిటిలో ఉండే మామూలుది. ఎల్‌డ్యాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. కానీ ఫోనులోనూ ఇయర్‌బడ్స్‌లోనూ రెండు చోట్లా ఉంటేనే పని చేస్తుంది. ఒక వైపే ఉంటే కొన్న డబ్బు డబ్బాకే.

మారికుప్పం రైల్లో

ఇన్ని లెక్కలూ నిశ్శబ్దమైన గదిలో. మనం వినేది ఎక్కడ? మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో. చాంపియన్, ఉరిగాం, కోరమండల్ దాటేసరికే నిలబడటానికి చోటుండదు. అందరి చెవుల్లో ఏదో ఒకటి ఉంటుంది. చక్రాల మోత, మాటలు, టీ అమ్మేవాళ్ళ కేక. ఆ రొద దాటి పాట వినాలని వాల్యూమ్ పెంచుతాం. ఆ రొదలో హై-రెస్‌కూ మామూలుదానికీ తేడా వెతకడం సంతలో గుసగుస వెతకడం. అక్కడ పనికొచ్చేది చెవిలో సరిగ్గా కూర్చుని బయటి చప్పుడు ఆపే రబ్బరు మూత. అది పది రూపాయలదైనా సరే. చెవికీ మంచిది: 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, రోజూ రైల్లో వాల్యూమ్ పెంచేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక బేస్. చవక ఇయర్‌ఫోన్లలో చాలావాటిలో 'ఎక్స్‌ట్రా బేస్' అని ధం ధం ఎక్కువ చేసి పెడతారు. వినగానే బాగుందనిపిస్తుంది. అది ఇష్టపడటం తప్పు కాదు, నాకూ ఇష్టమే. కానీ దాన్ని హై-ఫై అనకూడదు. అసలు పాటలో లేనిది కలిపితే అది అలంకారం. అలంకారాన్ని విశ్వాసం అని అమ్మడమే ఇవాళ్టి మార్కెట్. మన క్లాసులో చెప్పిన అర్థమే, 'గొప్పింటిది' అన్న అర్థమే, అంగడిలోనూ స్థిరపడింది.

అవ్వ 'సాలు'

ఇప్పుడు అసలు సంగతి. మాండలిక సేకరణకు నేను ఎంచుకున్నది మా అవ్వను. శ్రీనివాసపురం తాలూకాలో ఉంటుంది. మన ప్రాంతంలో పెద్దవాళ్ళు కొందరు 'చ'ను 'స' అంటారు కదా, ఎక్కడ అంటారు, ఎక్కడ అనరు అని రాయాలి నేను. ఫోను పెట్టి అడిగాను. అవ్వ ఇసుర్రాయి తిప్పుతూ దుక్కి గురించి, రాగుల గురించి అరగంట చెప్పింది. వినిపిస్తే ఆశ్చర్యపోయింది. "ఇది నా గొంతేనా పాపా? ఇట్లుండాదా?" అంది. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, రికార్డులో గాలి గుండా వచ్చిందే ఉంటుంది, అందుకే ఎవరి గొంతు వాళ్ళకు కొత్తగా ఉంటుంది అని చెప్పాను. "ఏమో, నాకైతే ఎవరో అవ్వ మాట్లాడినట్లుండాది" అంది.

ఫోనులో చోటు లేక, ఆ రికార్డింగును వాయిస్ మెసేజ్‌గా మా అమ్మ ఫోనుకు పంపి, నా దాంట్లోది తీసేశాను. ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే చిక్కు వచ్చింది. దుక్కిలో నాగలి గీసే 'చాలు' ఒకటి. "ఇంగ చాలు" అన్నప్పటి 'చాలు' ఒకటి. రెండూ దంత్య చకారమే, వ్యాకరణంలో 'ౘ' అని రాసేది. అది పలికేటప్పుడు నాలుక లిప్తపాటు పళ్ళ వెనక ఆగి, తర్వాత 'స' లాగా జారుతుంది. ఆ ఆగడం ఉంటే 'చాలు', లేకపోతే 'సాలు'. ఆ జారుడు శబ్దం ఎక్కువగా 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 దాకా మాత్రమే మోసేది, అందుకే ఫోనులో పేరు చెప్తే 'ఎస్'కూ 'ఎఫ్'కూ తేడా తెలియక మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. వాయిస్ మెసేజ్ దాని కంటే నయమే, కానీ అదీ కుదించి పంపేదే. పైగా ఫోను 'రొద తగ్గించడం' అని ఒకే తీరుగా వచ్చే చప్పుళ్ళను కోసేస్తుంది. నా రికార్డింగులో ఇసుర్రాయి చప్పుడు దాదాపు లేదు. ఫోను దాన్ని రొద అనుకుంది. దాంతో పాటు అవ్వ మాటల అంచులు కూడా అరిగిపోయాయి.

అమ్మకు వినిపించి అడిగాను. మా అమ్మది తమిళం. తమిళంలో 'చ'కూ 'స'కూ ఒకటే అక్షరం, చోటును బట్టి పలుకుతారు. "రెండూ ఒకటే గదా, దీనికెందుకు అంత తల పట్టుకుంటావు?" అంది. నాయనను అడిగితే, "మా అమ్మ 'సాలు' అనే అంటుంది, నాకు తెలుసు" అన్నారు. నేను నోట్సులో మొదట 'చాలు' అని రాసుకున్నా, ఎందుకంటే పుస్తకంలో అట్లుంది. తర్వాత కొట్టేసి 'సాలు' అని రాశా, ఎందుకంటే మాండలికం అంటే అట్లుండాలి కదా అనిపించింది. మేడమ్ ఆ కొట్టివేత చూసి ఒకటే అడిగారు: "నువ్వు విన్నది రాశావా, అనుకున్నది రాశావా?"

జవాబు లేదు నా దగ్గర. మళ్ళీ అవ్వ దగ్గరికి పోయి అడుగుదాం అంటే, ఈ మధ్యలో దసరా ముందు అవ్వకు ముందరి పళ్ళు తీసేశారు. ఇప్పుడు అవ్వ ఏ 'చ' అన్నా 'స' లాగే వస్తుంది. పళ్ళున్న రోజుల 'ౘ' ఎట్లుండేదో చెప్పే ఒక్క నకలు నా దగ్గర ఉన్నదే, అదీ విశ్వాసం లేని నకలు. 349 రూపాయలవి పక్కన పెట్టి, పక్కింటి అక్క దగ్గర ఎనిమిది వేల హెడ్‌ఫోన్ అడిగి తెచ్చి మరీ విన్నా. ఏమీ మారలేదు. మొదటే పోయింది ఎంత ఖరీదు పెట్టి విన్నా తిరిగి రాదు.

అప్పుడు అన్నా కేస్ కథ గుర్తొచ్చింది. మైకు ముందు పెడితే మన పెద్దవాళ్ళు కూడా గొంతు సవరించుకుని 'పుస్తకం తెలుగు' మాట్లాడతారు. రాసేటప్పుడు మనం ఇంకాస్త సవరిస్తాం. 'పొయ్యిండె' అన్నదాన్ని 'వెళ్ళాడు' చేస్తాం. ఎక్స్‌ట్రా బేస్ పెట్టేవాడికీ మనకూ తేడా ఏముంది?

బెంగళూరు నాగరత్నమ్మ గారిని మనం సాహిత్య చరిత్రలో చదువుకున్నాం. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' ముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక లేవు. నాగరత్నమ్మ రాతప్రతి వెతికి 1910లో ఏమీ కోయకుండా అచ్చు వేయించారు. 1911లో ప్రభుత్వం నిషేధించినా వెనక్కి తగ్గలేదు. ఆవిడ గాయని కూడా, గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు. బూర ముందు పాడే ఆ కాలపు రికార్డుల్లో గొంతులు సన్నగా, గరగరగా మిగిలాయి. కానీ ఒక తెలుగు కవయిత్రి మాటకు ఆవిడ చూపిన విశ్వాసం మాత్రం పూర్తిగా నిలిచింది. 'హై ఫిడిలిటీ'కి నాకు దొరికిన మంచి తెలుగు ఉదాహరణ అదే.

మనం చేయగలిగినవి

కొనేవాళ్ళకు: డబ్బా మీద పెద్ద అక్షరాలు కాదు, చిన్న అక్షరాలు చదవండి. వాట్లు ఉంటే ఆర్ఎంఎస్ చూడండి. ఇంట్లో రోజూ వినే గొంతును మీ ఫోనులో రికార్డు చేసుకుని పోయి, అంగట్లో ఆ ఇయర్‌ఫోన్‌తో వినండి. సినిమా పాట అందరికీ బాగానే మోగుతుంది, అమ్మ గొంతు అమ్మ గొంతులా ఉందా అన్నది మీకే తెలుస్తుంది. ధర చూడకుండా ముందు వినండి.

సేకరించేవాళ్ళకు: రికార్డర్ యాప్‌లో 'వేవ్' లేదా 'లాస్‌లెస్' ఎంచుకోండి. 'నాయిస్ రిడక్షన్' ఉంటే ఆపేయండి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఫోనును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా, బట్ట తగలకుండా పెట్టండి. పంపాల్సి వస్తే వాయిస్ మెసేజ్‌గా కాదు, ఫైలుగా పంపండి. రెండు చోట్ల దాచాకే ఫోనులోంచి తీసేయండి. పెద్దవాళ్ళ పళ్ళు ఉండగానే పోండి!

రాసేవాళ్ళకు: విన్నదే రాయండి. తెలియకపోతే తెలియలేదని రాయండి. నా ప్రాజెక్టులో ఆ మాట దగ్గర ఇప్పుడు 'చాలు' లేదు, 'సాలు' లేదు. ప్రశ్నార్థకం ఉంది. మేడమ్ దానికి మార్కులు కోయలేదు.

పోయిన వారం అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫోను సరిగ్గా పెట్టి, ఇసుర్రాయి చప్పుడుతో సహా రికార్డు చేశా. బోసినోటితో అవ్వ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. చివర్లో ఫోను వైపు చూసి, "ఇంగ ఆపు పాపా" అంది. చాలు అనలేదు. అడిగితే అనేదే, కానీ అడిగి అనిపిస్తే అది అవ్వ మాట కాదు కదా.